సర్దార్ మామ గటక బాయి

కమాన్‌పూర్‌లో వాడకొక సర్దార్ మామ తప్పకుండా ఉంటాడు. బొగ్గు బాయి పని నుంచి దిగిపోయి ఏండ్లయినా డ్యూటీ మాత్రం దిగడు. షిఫ్టు ఎక్కేముందు సేఫ్టీ ల్యాంపుతో గ్యాస్ ఉందేమో చూడటం, కర్రతో పైకప్పు తట్టి చప్పుడును బట్టి గట్టిదో గుల్లదో తేల్చడం మైనింగ్ సర్దార్ పని. ఇప్పుడు ఆ తనిఖీ అంతా వంటింట్లోనూ పెరట్లోనూ నడుస్తోంది. తెల్లారకముందే లేచి రాత్రి మిగిలిన జొన్న గటక గిన్నె మూత తీసి వాసన చూస్తాడు. పాదు మీది ఆనిగెపుకాయను గోటితో తట్టి, “ఇంకో రెండు దినాలు ఆగాలె” అని రిపోర్టు ఇస్తాడు.

అత్తమ్మ ఆ గటకను బర్రె కుడితిలో కలపబోయిందా, అయిపోయిందే!

“ఆగు! గది మాలు. మాలును పారబోత్తవా?”

గటకను నీళ్లలో పిసికి కుండకెత్తుతాడు. రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో పులియడానికి రాత్రి దాకా ఆగనక్కర్లేదు. అందులో సల్ల, ఉప్పు, దంచిన జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పెరటి కల్యమాకు పడితే అంబలి తయారు. కుండ అడుగున గరిటెడు మాత్రం తీయనివ్వడు. మర్నాటి అంబలిని పులిపించేది అదే.

“గిది డిపెండెంట్ నౌకరి. తండ్రి దిగంగనే కొడుకు ఎక్కాలె” అంటాడు.

ఒకసారి అంబలిలో బెల్లం వేసి, కూల్‌డ్రింక్ సీసాలో పోసి, మూత బిగించి గూట్లో పెట్టాడు. పులుపు నుంచి పుట్టిన గ్యాస్‌కు దారి దొరకలేదు. మధ్యాహ్నం ఢామ్మని చప్పుడైతే వాడంతా ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అనుకుంది. ముప్పై ఏండ్లు గ్యాస్ కనిపెట్టిన మనిషి నెత్తి మీద నుంచి అంబలి కారుతుంటే అత్తమ్మ ఒక్కటే అడిగింది:

“షాట్‌ఫైరర్ సర్టిఫికెట్ ఉన్నదా?”

అక్కడితో ఆగితే మామ ఎట్లవుతాడు? గటకలో నువ్వులు, మిరప నూరిన ముద్ద కలిపి డాబా మీద వడియాలు పెట్టాడు. ఓపెన్‌కాస్ట్ వైపు నుంచి గాలి తిరిగింది. తెల్ల జొన్నలతో ఎక్కిన వడియాలు తైద వడియాలై దిగాయి. తర్వాత గటకలో ఆనిగెపుకాయ తురుము, బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు కలిపి సర్వపిండి మొదలు. గిన్నె లోపల అద్ది, వేలితో చిల్లులు పెడుతూ, “బొగ్గుల ఎన్ని హోల్సు ఏపిచ్చిన, ఇదో లెక్కనా!” అని మురిసిపోయాడు. పిడికెడు గటకను కాపాడటానికి కిలో పిండి, గ్లాసెడు నూనె, గంటసేపు పొయ్యి. అత్తమ్మ ఖర్చుల లెక్క చెబితే మామ ముక్తసరిగా “ఉత్పత్తి ముఖ్యం” అన్నాడు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఆయన్ను పట్టడం కష్టమైంది. “నా పాసిన గటక ముచ్చట దునియాకు ఇప్పుడు తెలిసింది!” 2024 దసరాకు సింగరేణి కార్మికులకు లాభాల వాటాగా 796 కోట్లు పంచితే, మామ తన వాటా లీటరు సీసాల్లో ఇంటింటికీ పంచాడు. తీసుకోనివాళ్లకు మర్నాడు రెండు సీసాలు. మూతలు మాత్రం వదులుగానే పెట్టాడు.

చివరికి అత్తమ్మ నూక కొలిచి పోయడం మొదలుపెట్టింది. గిన్నెలో గింజ మిగల్లేదు. తనిఖీకి లేచిన మామ ఖాళీ గిన్నె చూసి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రాత్రి సగం తిని లేచి, “ఆకలైతలేదు” అన్నాడు. అత్తమ్మకు సంగతి అర్థమైంది.

“పారబోయద్దనే కదా నీ లొల్లి! ఇప్పుడు మిగలాల్నని ఉపాసముంటవా?”

“మాలు లేకుంటే బాయి బందైతది గదనే.”

మర్నాటి నుంచి సోలెడు నూక ఎక్కువ పడుతోంది. మిగిలిన దాంట్లో సగం మామ కుండకు, సగం బర్రె తొట్టికి. సగమే ఎందుకని మామ అడిగితే, “బర్రె తాగితే పాలన్న ఇత్తది” అంది అత్తమ్మ.