ఇంజను లేనందుకే బతికాను

నా పొడవు ఆరడుగులు. ఈ కొసకో పిడి, ఆ కొసకో పిడి, నడుమ పళ్ళున్న ఉక్కు పలక. నన్ను నడపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. వందేళ్ళ కిందట అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రంలో డగ్లస్ ఫర్ దుంగలు కోసేవాళ్ళ చేతిలో పడ్డాను. అప్పట్లో అడవిని నరకడమే నా కొలువు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మోటారు రంపాలు విరివిగా వచ్చి నా కూడు పోగొట్టాయి. నా తోటివాళ్ళు కొందరు తుప్పు పట్టిపోయారు. కొందరి ఒంటిమీద కొండలూ వాగులూ రంగుల్లో గీసి గోడలకు వేలాడదీశారు.

నన్ను కాపాడింది ఒక చట్టం. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం కింద చేరిన అడవుల్లో మామూలుగా రోడ్లు వేయకూడదు, మోటారుతో నడిచే పనిముట్టు వాడకూడదు. మా వాషింగ్టన్ రాష్ట్రంలోని గ్లేసియర్ పీక్ అడవి ఆ చట్టం మొదటి జాబితాలోనే ఉంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా దాదాపు 4,265 కిలోమీటర్లు సాగే పసిఫిక్ క్రెస్ట్ కాలిబాట దాని మీదుగానే పోతుంది. చలికాలం గాలివానలకు అక్కడి చెట్లు వేళ్ళతో సహా పెకలించుకుని బాటకు అడ్డం పడతాయి. ఎండాకాలంలో మంచు కరిగాక నాకు పిలుపు వస్తుంది.

పాత ఫైరింజను గొట్టాన్ని చీల్చి నా పళ్ళకు తొడుగుతారు. కొన్నిసార్లు కంచరగాడిద వీపు మీద విల్లులా వంచి కడతారు, కొన్నిసార్లు భుజాన మోస్తారు. మోసేవాళ్ళు జీతగాళ్ళు కారు. రిటైరైన టీచరమ్మ ఒకరు, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడొకడు.

చెట్టు దగ్గరికి చేరగానే నన్ను దాని మీద పెట్టరు. ముందు దుంగను నాలుగు వైపులా తిరిగి చూస్తారు. రెండు కొసలూ గట్టుకు ఆని నడుమ వేలాడుతుంటే, పైనుంచి కోసిన కొద్దీ కోత మూసుకుపోయి నన్ను పట్టేస్తుంది. అందుకే నా వెనక సందులో ప్లాస్టిక్ ముక్కలు దిగ్గొడతారు. వేళ్ళ గుబురు ఇంకా అంటుకుని ఉంటే మరీ జాగ్రత్త. కాండం తెగగానే ఆ మొదలు ఉన్నట్టుండి లేచి నిలబడవచ్చు. బెరడులో ఇసుక నా పదును తినేస్తుంది గనక, ముందు గొడ్డలితో దాన్ని చెక్కేస్తారు.

ఇక కోత. ఎవరి వంతు వస్తే వాళ్ళు లాగాలి. అవతలివాళ్ళు లాగేటప్పుడు ఇవతలివాళ్ళు పిడి మీద పట్టు సడలించాలి. కొత్తగా వచ్చిన కుర్రాడు సాయం చేద్దామని తోశాడు. నేను వంకరపోయి ఆగిపోయాను. “తొయ్యకు నాయనా. లాగు, తర్వాత నాకు వదిలెయ్” అంది టీచరమ్మ. అంతే, దారిలో పడ్డాం.

నాకు రెండు రకాల పళ్ళు. కొన్ని నారను ఇరుపక్కలా తెంపుతాయి, కొన్ని తెగినదాన్ని గీకి బయటికి తోస్తాయి. గీకే పళ్ళు కోసే పళ్ళకంటే వెంట్రుకవాసి పొట్టిగా ఉండాలి. ఆ లెక్క కుదిరితే పొట్టుకు బదులు సేమియాలాంటి పొడుగాటి పీచు రాలుతుంది. నా దగ్గర మోత లేదు గనక, కర్ర చిటపటమనడం చెవిన పడుతుంది. దుంగ విరగబోతోందని తెలిసి మనుషులు పక్కకు తప్పుకుంటారు. తెగిన ముక్కను నేల మీద కూర్చుని కాళ్ళతో తన్ని పల్లంలోకి దొర్లిస్తారు.

మోటారు రంపానికి కొత్త గొలుసు అంగట్లో దొరుకుతుంది. నాకైతే ఆకురాయి పట్టి ఒక్కొక్క పన్నూ సరిచేసే మనిషి కావాలి. అటవీ సర్వీసులో పనిచేసిన వారెన్ మిల్లర్ 1977లో రాసిన చిన్న పుస్తకమే ఇప్పటికీ ఆ విద్యకు పాఠం. నేర్చినవాళ్ళు కొద్దిమందే.

అందుకే ఒక మనవి. మీ అటక మీద ఇలాంటి రెండు పిడుల రంపం ఉంటే పాత ఇనుములో వేసేయకండి. సియాటెల్ వైపు ఉన్న మీ పిల్లలు కొండ బాటలెక్కేవాళ్ళయితే, ఏడాదికి ఒక్క వారాంతమైనా అవతలి పిడి పట్టుకోమనండి. పని తెలిసినవాళ్ళు పక్కనే నిలబడి నేర్పుతారు.