పదిహేడేళ్ల డాక్టరుగారు

పిల్లాడికి పదిహేడేళ్లు. మీసం సరిగా మొలవలేదు. తన గది తాను సర్దుకోవడం రాదు. అయినా డాక్టరేటు సీటు రిజర్వయిపోయింది! ఎక్కడ? అమెరికాలో. ఎవరిచ్చారు? సాక్షాత్తూ విశ్వవిద్యాలయం వారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏ తెలుగువాళ్ల గృహప్రవేశానికి వెళ్లినా ఇప్పుడిలాంటి కబుర్లే. "మావాడికి పీటీలో డైరెక్ట్ వచ్చేసింది వదినా! ఇంక ఆరేళ్లు బెంగ లేదు." వదినగారి మొహం మాడిపోతుంది. వాళ్లమ్మాయి ఇంకా పదో తరగతే. రేపటి నుంచి ఆ పిల్లకి నిద్ర లేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పేరు పెట్టి ఊరుకోలేదు. సోమలింగం ముందు 'డాక్టర్' అని కూడా తగిలించారు.

సంగతేమిటంటే, మనం ఫిజియోథెరపీ అనేదాన్ని అక్కడ ఫిజికల్ థెరపీ, పొట్టిగా పీటీ అంటారు. ఆ పని చేయాలంటే డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ పట్టా కావాలి. మామూలుగా నాలుగేళ్లు డిగ్రీ, ఆపైన మూడేళ్లు డీపీటీ. ఇథాకా, డ్యూకేన్, క్విన్నిపియాక్, సెయింట్ లూయిస్ లాంటి విద్యాసంస్థల్లో అడ్డదారి ఒకటి వేశారు. పన్నెండో తరగతిలోనే దరఖాస్తు పెట్టు. డిగ్రీలో చేరేరోజే డీపీటీ సీటు నీది. మూడు ప్లస్ మూడు, ఆరేళ్లలో డాక్టర్. ఒక ఏడాది కలిసొస్తుంది. ఒక ఏడాది ఫీజూ మిగలొచ్చు. వినడానికి ఎంత బాగుంది!

మరి అసలీ ఏడేళ్ల చదువు ఎవరు పెట్టారు? అది మాత్రం ఎవరూ అడగరు.

మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల్ని లేపి నడిపించింది 'రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్' అనే ఆడవాళ్లు. వాళ్లలో ఒకరైన మేరీ మెక్‌మిలన్ 1921లో వృత్తి సంఘం పెట్టడానికి ముందు నడిచారు. వాళ్ల దగ్గర డాక్టరేట్లు లేవు. సైనికులు మాత్రం నడిచారు. తర్వాత చాలాకాలం బ్యాచిలర్ డిగ్రీ సరిపోయింది. 2002 వచ్చేసరికి అది చాలదన్నారు, మాస్టర్స్ చేయమన్నారు. మాస్టర్స్ చేసినవాడి పట్టా మీద సిరా ఆరకముందే అదీ చాలదన్నారు. నిజానికి 1993లోనే క్రైటన్ విశ్వవిద్యాలయం తొలి డీపీటీ కోర్సు తెరిచింది. 2000లో వృత్తి సంఘం 2020 నాటికి అందరూ డాక్టర్లే కావాలని తీర్మానించింది. 2016 నుంచి గుర్తింపు సంస్థ క్యాప్టీ డీపీటీని తప్పనిసరి చేసేసింది.

ఈ మధ్యలో మనిషి మోకాలేమైనా మారిందా? వెన్నుపూసలేమైనా పెరిగాయా?

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. చదువు పెరగడానికి కారణముంది. డాక్టరు చీటీ లేకుండా రోగి నేరుగా థెరపిస్టు దగ్గరికి వెళ్లే వీలు 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక మేరకు వచ్చింది. నడుం నొప్పి వెనక క్యాన్సర్ దాగుందేమో పసిగట్టాల్సిన బాధ్యత కూడా థెరపిస్టు మీద పడింది. సరే, చదవండి. బాగా చదవండి. మరి బాధ్యత పెంచినవాళ్లు డబ్బు కూడా పెంచారా? ముసలివాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్, వైద్యసేవలకు ధర కట్టే ప్రాతిపదిక అంకె 2020లో 36.09 డాలర్లు. 2025లో 32.35. పాల ధర పెరిగింది, అద్దె పెరిగింది, కాలేజీ ఫీజు పెరిగింది. ముసలాయన తుంటి విరిగితే నిలబెట్టేవాడి కూలి తగ్గింది. థెరపిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు లక్ష డాలర్లు. మన రూపాయల్లోకి మార్చుకుని గుటకలు మింగకండి. ఖర్చూ డాలర్లలోనే. అప్పూ డాలర్లలోనే.

ఇప్పుడు ఆ ఖాయమైన సీటు దగ్గరికి వద్దాం. ఎంత ఖాయం?

చిన్న అక్షరాలు చదవండి. జీపీఏ, అంటే మార్కుల సగటు, ఇంతకు తగ్గకూడదు. సైన్సు సబ్జెక్టుల జీపీఏ విడిగా ఇంతకు తగ్గకూడదు. ఏ సబ్జెక్టులోనూ సి కన్నా తక్కువ రాకూడదు. మళ్లీ రాసి బాగుచేసుకుంటానంటే ఒకటో రెండో సార్లే. క్లినిక్కులో నిలబడి ఇన్ని గంటలు చూసినట్టు సంతకాలు తేవాలి. కొన్నిచోట్ల ఇంటర్వ్యూ కూడా. ఇవన్నీ కాలేజీ కాలేజీకీ మారతాయి. మారనిదొక్కటే: షరతులన్నీ పిల్లాడికి, ఫీజులన్నీ కాలేజీకి. రెండో ఏడాదిలో ఆర్గానిక్ కెమిస్ట్రీయో ఫిజిక్సో కాటేసింది. లేదా ఇంట్లో నాన్నకు జబ్బు చేసింది. జీపీఏ రెండు గీతలు జారింది. అంతే! సీటు పోయింది. పోనీ కట్టిన డబ్బు? అది ఎందుకు పోతుంది? అది ఖాయం!

కొన్ని మూడు ప్లస్ మూడు కోర్సుల్లో ఇంకో తమాషా. డీపీటీ మొదటి ఏడాది గట్టెక్కితేగానీ బ్యాచిలర్ పట్టా చేతికి రాదు. మధ్యలో జారితే నాలుగేళ్ల ఫీజు కట్టి డిగ్రీ కూడా లేకుండా ఇంటికొచ్చే వీలుంది. ఇదీ కలిసొచ్చిన ఏడాది.

ఈ చదువుకీ, దాని అప్పుకీ సంతకం పెట్టేది ఎవరు? ఆ పదిహేడేళ్ల కుర్రాడే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పద్దెనిమిది నిండనివాడు కారు కొంటానని సంతకం పెట్టినా, తర్వాత చెల్లదు పొమ్మనొచ్చు. మైనర్ కదా పాపం, తెలియనితనం! చట్టానికి ఎంత జాలి! ఆ జాలి ఒక్కచోట ఆవిరైపోతుంది. ఫెడరల్ విద్యారుణం పత్రం మీద పెట్టిన సంతకానికి మైనారిటీ సాకు పనికిరాదని ఉన్నత విద్యా చట్టంలోనే రాసి పెట్టుకున్నారు. కారు కొనేటప్పుడు పసివాడు. అప్పు తీసుకునేటప్పుడు పెద్దమనిషి!

అసలు వినోదం ఇంకా ఉంది. 2025 జూలై 4న అమెరికా స్వాతంత్ర్య దినం నాడు ట్రంప్ సంతకం పెట్టిన 'పెద్ద అందమైన బిల్లు' విద్యార్థుల అప్పులకు పరిమితి పెట్టింది. 2026 జూలై నుంచి వృత్తివిద్యా పట్టాలకు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షలు. మిగతా పీజీలకు ఏడాదికి 20,500, మొత్తం లక్ష. బాగానే ఉంది. వృత్తివిద్య అంటే ఏవి? 2025 నవంబరులో విద్యాశాఖ సంప్రదింపుల కమిటీ జాబితా తేల్చింది. వైద్యం, దంతవైద్యం, న్యాయం, పశువైద్యం... ఒప్పుకున్నాం. వెన్నుపూసలు చేత్తో సవరించే కైరోప్రాక్టిక్ ఉంది. మతబోధకుల థియాలజీ ఉంది. ఫిజికల్ థెరపీ? లేదు. నర్సింగ్? అదీ లేదు.

అర్థమైందా? వృత్తి సంఘమేమో డాక్టర్ కమ్మంది. గుర్తింపు సంస్థ డాక్టర్ కాకపోతే కుదరదంది. విశ్వవిద్యాలయం పన్నెండో తరగతిలోనే డాక్టర్‌ని చేస్తానంది. అప్పు దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వం, నువ్వు వృత్తివిద్య లెక్కలోకే రావు నాయనా, పక్కకి జరుగు అంది. చాలా ప్రైవేటు కాలేజీల్లో మూడేళ్ల డీపీటీ ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది. పైమొత్తం ఎక్కడినుంచి తేవాలి? ప్రైవేటు బ్యాంకుల నుంచి. వాళ్లు వడ్డీ దగ్గర ఎవర్నీ చిన్నచూపు చూడరు.

మనవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో ఢిల్లీలో ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్' వాడకూడదని ఉత్తరం రాసింది. గొడవ లేవగానే వెనక్కి తీసుకుంది. నెలలు పట్టలేదు, వెంటనే! ఆరో తరగతి పిల్లాడికి 'ఐఐటీ ఫౌండేషన్' అంటగట్టే హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు పన్నెండో తరగతిలో డాక్టరేటంటే ఆలస్యంగానే అనిపిస్తుంది మరి. కార్పొరేట్ కాలేజీని ఇక్కడే వదిలి విమానమెక్కాం అనుకున్నారు. అది ముందే దిగి అక్కడ స్వాగత తోరణం కట్టుకుని కూర్చుంది.

బ్రోచర్ చూడండి. తెల్ల కోట్లు, పచ్చిక, నవ్వులు. పట్టభద్రుల శాతం ఇంత, లైసెన్సు పరీక్ష పాస్ శాతం ఇంత అని పెద్ద అక్షరాలు. ఈ అంకెలు కాలేజీ సరదాకి వేసినవి కావు. పరీక్ష పాస్ శాతం రెండేళ్ల సగటు 85కి తగ్గితే క్యాప్టీ ఊరుకోదు. కాబట్టి పైకి మెరవాల్సిందే. కానీ ఆ లెక్క మొదలయ్యేది డీపీటీ తరగతి గుమ్మం దాటాక. దానికి ముందు మూడేళ్లలో రాలిపోయిన పిల్లలు ఆ శాతంలో ఉండరు. పట్టా తీసుకున్నవాళ్లలో లేరు, తప్పినవాళ్లలోనూ లేరు. ఫీజు రసీదుల్లో మాత్రం ఉన్నారు.

ఈసారి కాలేజీ ఓపెన్ హౌస్‌కి వెళ్లినప్పుడు, కాఫీ తాగి వాళ్లిచ్చే టోపీ తెచ్చుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఆరేళ్ల కిందట మీరు సీటు ఖాయం చేసిన పదిహేడేళ్లవాళ్లు ఎందరు, వాళ్లలో ఇవాళ తెల్ల కోటు వేసుకున్నవాళ్లు ఎందరు? ఆ అంకె ఏ పేజీలో వేశారు సార్?