బి సైడు పాటల క్యాసెట్టు ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది ఒక సి-60 క్యాసెట్టు. 'నేను' అనడం దానికి అలవాటు లేదు, 'ఈ క్యాసెట్టు' అనే చెప్పుకుంటుంది. దాని వంశం మాత్రం పెద్దదే. 1963లో ఫిలిప్స్ కంపెనీ ఆ జాతిని లోకానికి చూపించింది. రూపకర్త లూ ఒట్టెన్స్ అనే డచ్చి ఇంజనీరు. ఎనభైల్లో గుల్షన్ కుమార్ టి-సిరీస్ చవక క్యాసెట్లను దేశమంతా పరిచాక, పాట కొనుక్కోవడం మధ్యతరగతి ఇళ్లకు కూడా అలవాటైంది. అదీ కొనలేనివాళ్లకు రికార్డింగ్ షాపులుండేవి. కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవారు. హక్కుల సంగతి అడిగేవాళ్లు తక్కువ.

1994 చివర్లో గుంటూరు బ్రాడీపేటలోని అలాంటి షాపుకు ఒక ఇంటర్ కుర్రాడు రెండు చీటీలు పట్టుకొచ్చాడు. మొదటిది నాయనమ్మ చెప్పి రాయించింది: గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పాడిన అన్నమయ్య కీర్తనలు. రెండోది అతను సొంతంగా రాసుకున్నది, మడిచి జేబులో దాచుకున్నది. అందులో 'ప్రేమికుడు' నుంచి ముక్కాబులా, ఊర్వశి ఉన్నాయి. 'యమలీల' నుంచి జీను ప్యాంటు పాట ఉంది. కీర్తనలు ఎ సైడుకు ఎక్కాయి. పైన అట్ట మీద వాటి పేర్లన్నీ గుండ్రటి అక్షరాలతో రాశాడు. బి సైడు గీతల మీద 'మిగిలినవి' అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు.

ఎందుకు దాచాడంటే, వాళ్ల నాన్న బడిపంతులు. పాటంటే ఘంటసాలతోనే సరి అన్నది ఆయన పట్టుదల. జీను ప్యాంటు పాట పక్కింటి రేడియోలో వచ్చినా ఆయన కిటికీ మూసేవారు. ఆయన మంచి మనిషే. చెవి విషయంలోనే పట్టింపు. ఆయన కిటికీ మూసిన ఆ 'యమలీల'లోనే సిరులొలికించే చిన్ని నవ్వుల పాట కూడా ఉంది. దాన్ని ఆయనే కూనిరాగం తీసేవారు. రెండు పాటలకూ సంగీతం ఎస్.వి. కృష్ణారెడ్డిదే, సినిమాకు దర్శకత్వమూ ఆయనదే. ఒకే మనిషి ఒకే ఏడాది కట్టిన బాణీల్లో ఒకటి ఇంట్లోకి వచ్చింది, ఒకటి గుమ్మం బయట ఆగిపోయింది.

ఇక్కడ టేపు కట్టుబడి గురించి కాస్త చెప్పుకోవాలి. వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా లేని పట్టీ అది. ఎ సైడు, బి సైడు అంటే పట్టీకి అటు ముఖం, ఇటు ముఖం అనుకుంటారు చాలామంది. అలా కాదు. రెండూ ఒకే ముఖం మీద, పైసగంలో ఒకటి, కిందిసగంలో ఒకటి, ఎదురెదురు దిశల్లో ఉంటాయి. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున పట్టీ కదులుతుంది కాబట్టి అయిదు నిమిషాల పాటకు దాదాపు 14 మీటర్లు కావాలి. ముక్కాబులా ఉన్న ఆ పద్నాలుగు మీటర్లలోనే రెండో సగంలో ఒక కీర్తన ఉంది. కుర్రాడు రాత్రిళ్లు వాల్యూమ్ తగ్గించి ముక్కాబులా వెనక్కి తిప్పి తిప్పి విన్నప్పుడల్లా కీర్తన కూడా పాటను చదివే హెడ్డు మీద రాసుకుని అరిగింది.

కొన్నాళ్లకు ఇంట్లో టేప్‌రికార్డరు హెడ్డు తన చోటి నుంచి రవంత జరిగింది. అప్పుడు కీర్తన వినిపిస్తూనే, పక్క సగంలోని ముక్కాబులా సన్నగా, వెనక నుంచి ముందుకు చొరబడింది.

"ఏరా, స్వామి పాట వెనకాల ఎవర్రా గొణుగుతోంది?" అంది నాయనమ్మ.

కుర్రాడికి ముచ్చెమటలు పట్టాయి. చివరికి నిజం చెప్పేశాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే దాన్ని తిన్నగా తిప్పి పెట్టు, వింటాను" అంది. పాటంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే: "ఆ పాడినబ్బాయి ఎవర్రా? గొంతు అలా గరగరలాడించినా శ్రుతి తప్పలేదు."

ఆ అబ్బాయి మనో. అసలు పేరు నాగూర్ బాబు, ఊరు అప్పటి గుంటూరు జిల్లాలోని సత్తెనపల్లే. మరో సంగతి తెలిస్తే నాయనమ్మ ఇంకా సంతోషించేది. మనో కర్ణాటక సంగీతం నేర్చుకున్నది నేదునూరి కృష్ణమూర్తి దగ్గర. ఎన్నో అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టిన విద్వాంసుడాయన. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ కూడా ఆయన శిష్యుడే. అంటే ఈ క్యాసెట్టులో ఎ సైడుకూ, బి సైడులోని ముక్కాబులాకూ గురువు ఒక్కరే. ఈ క్యాసెట్టు తన జీవితంలో గర్వంగా చెప్పుకునే సంగతి ఇదే.

ఆ పాటలో మనోతో పోటీగా పాడింది స్వర్ణలత. 1994 సంవత్సరానికి ఉత్తమ గాయనిగా జాతీయ పురస్కారం ఆమెకే వచ్చింది, 'కరుత్తమ్మ' అనే తమిళ సినిమాలో పాటకు. గాయకుడి పురస్కారం పి. ఉన్నికృష్ణన్‌కు దక్కింది. ఆయన పాడిన పాటల్లో ఒకటి 'ప్రేమికుడు' తమిళ మాతృక 'కాదలన్'లోది. అదే సినిమాకు ప్రత్యేక ప్రభావాలకూ, శబ్దగ్రహణానికీ అవార్డులు వచ్చాయి. ముక్కాబులాలో ప్రభుదేవా తలా చేతులూ మాయమై బట్టలే నాట్యమాడటం చూసినవాళ్లకు మొదటి అవార్డు ఎందుకో చెప్పనక్కర్లేదు. పనితనంలో ఏ లోటూ లేని పాటను ఇంట్లో చాటుగా వినాల్సిన గతి పట్టడం ఈ క్యాసెట్టుకు ఈనాటికీ బాధే.

ఆ కాలపు పాటలన్నీ గొప్పవని మాత్రం ఇది అనదు. ఆడపిల్లను ఏడిపించడమే సరసంగా చెలామణీ చేసిన పాటలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. నాన్న మూసిన కిటికీలో ఆ మేరకు న్యాయం ఉంది. కానీ మంచీ చెడూ చూడకుండా దరువు వినపడగానే మూయడం వేరు.

తర్వాత సీడీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి, ఈ క్యాసెట్టు బీరువా సొరుగులో చేరింది. పాటలు మాత్రం ఊరుకోలేదు. 2014లో విల్.ఐ.యామ్ 'ఇట్స్ మై బర్త్‌డే'లో ఊర్వశి బాణీని వాడుకున్నాడు, ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 2020లో 'స్ట్రీట్ డాన్సర్ 3డి' అనే హిందీ సినిమా కోసం ముక్కాబులాను మళ్లీ చేస్తే, ప్రభుదేవాయే మళ్లీ ఆడాడు.

ఈమధ్య ఆ కుర్రాడు, అంటే ఇప్పుడు యాభైకి దగ్గరపడిన పెద్దమనిషి, కూతురి పెళ్లి సంగీత్ జరిపాడు. ఈ క్యాసెట్టుకు ఆ సంగతి మర్నాడు ఇంట్లో మాటల్లో తెలిసింది. డీజే కొత్త ముక్కాబులా వేస్తే ఈయన వేదిక దగ్గరికి వెళ్లి, 1994ది వెయ్యమన్నాడట. పిల్లలు ఈలలు వేస్తుంటే మోకాలు నొప్పి లెక్కచేయకుండా ఆడాడట. దిగి వచ్చాక చుట్టూ చేరినవాళ్లకు మనో గురించి, స్వర్ణలత గురించి, నేదునూరి గురించి భోజనాలు చల్లారేదాకా చెప్పాడట. ఈలోగా ఆయన చెల్లెలు డీజే పక్కన నిలబడి, యమలీలలో జీను ప్యాంటు పాట దొరికేదాకా కదలనని పట్టుబట్టిందట.