మా రోజుల్లో కారితే కనబడేది

చప్పుడు లేకుండా కారే నీళ్లంటే నాకు కోపం. మా హన్మకొండలో నయీంనగర్ సందుల్లోకో, కిషన్‌పుర వైపో వెళ్లి ఏదైనా కిరాయి ఇంట్లో బాత్రూం తలుపు తీసి ఒక్క నిమిషం నిలబడి చూడండి. కమోడు లోపలి గోడ మీద సన్నటి నీటి పొర కదులుతూ ఉంటుంది. ఆ ఇంట్లో ఉండేవాళ్లను అడిగితే, "మేం దిగిన్నాటి నుంచి గట్లనే ఉంది" అంటారు. రోజుకు రెండుసార్లు వేయాల్సిన మోటారు నాలుగుసార్లు వేస్తారు. మిద్దె మీది ట్యాంకు ఇంత తొందరగా ఎందుకు ఖాళీ అవుతున్నదని మాత్రం ఒక్కరూ అడగరు. మా రోజుల్లో ఈ నిర్లక్ష్యం ఒక్క పూట కూడా సాగేది కాదు.

మా చిన్నప్పుడు కిరాయి ఇల్లంటే ఒక వాకిట్లో నాలుగైదు కుటుంబాలు, అందరికీ కలిపి ఒక బాయి, పెరటి చివర ఒక పాయిఖానా. చేంతాడు లాగి తోడిన నీళ్లు కాబట్టి చెంబెడు నీళ్ల బరువెంతో అందరి చేతులకూ తెలుసు. గోలేనికి సన్నటి పగులు వస్తే తెల్లారేసరికి మా అమ్మ కనిపెట్టేది. నీళ్లు తగ్గితే మళ్లీ బిందె పట్టుకుని బాయి దగ్గరికి నడవాల్సింది ఆమే. వీధి నల్లాలు వచ్చాక కూడా నల్లా సరిగ్గా కట్టకుండా పోతే ఓనరమ్మ లోపలి నుంచే కేకేసేది. ఎవరింటి పిల్లలని చూసేది కాదు. ఆ తిట్లు తిన్న మాకు నల్లా బిగించకుండా పక్కకు జరగడం ఇప్పటికీ చేతకాదు.

ఫ్లష్ ట్యాంకు అనేది నేను మొదట చూసింది కాజీపేట రైల్వే క్వార్టర్లలో. తలకంటే ఎత్తున గోడకు బిగించిన పోత ఇనుప ట్యాంకు, దానికి వేలాడే గొలుసు. గొలుసు లాగి వదిలితే లోపలున్న గంటలాంటి బరువు లేచి పడి నీళ్లను నిలువు గొట్టం మీదుగా తోసేది. ఆ ఊపుకు మిగతా నీళ్లన్నీ వాటంతట అవే గుంజుకుని దిగేవి. ఆ గొట్టం మూతి నీటి మట్టానికి పైన ఉండేది. కాబట్టి అరిగిపోయి కారడానికి అడుగున రబ్బరు వాషరు అంటూ లేదు. రాగి బంతి చెడిపోయి నీళ్లు మితిమీరి నిండితే, గోడ బయటికి పెట్టిన సన్న గొట్టం నుంచి వాకిట్లో పడేవి. దారిన పోయేవాళ్లు కూడా "మీ ట్యాంకు కారుతుంది చూసుకోండ్రి" అని చెప్పి పోయేవాళ్లు. ఆ ట్యాంకు తన రోగాన్ని తానే చాటుకునేది.

ఇవాళ్టి ప్లాస్టిక్ ట్యాంకులో ఆ ఏర్పాటు లేదు. అడుగున ఒక రబ్బరు వాషరు నీళ్లను ఆపుతుంది. మట్టం మించితే నీళ్లు లోపలి గొట్టం గుండా కమోడులోకే దిగిపోతాయి. కాకతీయుల చెరువులు చూసిన ఊరివాళ్లం కాబట్టి మనకు ఇది సులువుగా అర్థం కావాలి: అడుగు వాషరు తూము, లోపలి గొట్టం మత్తడి. తూము చెడినా, మత్తడి పారినా ఊరికి తెలిసేది. కనిపెట్టి చెప్పడానికి నీరటి ఉండేవాడు. మన ఇంటి చెరువుకు తూమూ మత్తడీ రెండూ కమోడు లోపలే తెరుచుకుంటాయి, నీరటి లేనే లేడు.

ఎన్ని నీళ్లు పోతాయో లెక్క చూడండి. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు జారితే చప్పుడే ఉండదు. రోజు తిరిగేసరికి అది 288 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. అంటే ఇద్దరి వాటా ఎవరూ వాడకుండానే పోయింది. నీళ్లు పొదుపు చేద్దామని 3 లీటర్లు, 6 లీటర్లు అంటూ రెండు మీటల ట్యాంకులు తెచ్చుకున్నాం. ఒక్క వాషరు చెడితే 48 పెద్ద ఫ్లష్‌ల నీళ్లు ఒక రోజులో పోతాయి.

అవి ఎక్కడి నీళ్లు? పోచంపాడు శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ మీదుగా వచ్చినవి, దేవాదుల దగ్గర గోదావరి నుంచి కరెంటు పెట్టి ఎత్తిపోసి ధర్మసాగర్‌కు చేర్చినవి. వాటిని ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నిలవబెట్టుకుని, శుద్ధి చేసి తాగుతున్నాం. తాగేందుకు తెచ్చిన ఆ నీళ్లను తాగకుండా, కనీసం కడగకుండా పారబోయడం నాకు అన్నం పారేసినంత బాధ.

కనిపెట్టడం కష్టమా అంటే, ఖర్చు కూడా లేదు. రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకు మూత తీసి, బట్టలకు పెట్టే నీలి నాలుగు చుక్కలు వేయండి. ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ కొట్టొద్దు. తర్వాత కమోడులో నీలం కనబడితే లీకు ఖాయం. ఇక తప్పు ఎక్కడో తేల్చాలి. గోడ దగ్గరి యాంగిల్ కాక్ కట్టేసి, నీటి మట్టం దగ్గర పెన్సిలు గీత పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే అడుగు వాషరు పోయింది. దిగకుండా నిలబడి, కాక్ తిప్పగానే నీళ్లు పెరిగి లోపలి గొట్టంలోకి పొర్లితే ఫ్లోట్ వాల్వు చెడింది.

రిపేరు కూడా అంతే తేలిక. కాక్ కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, లోపలి ఫిట్టింగు తిప్పి బయటికి తీయండి. మన బోరు నీళ్ల సున్నం వాషరు అంచున తెల్లగా గట్టిపడి ఉంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి తుడిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. వాషరు గట్టిపడితే, చీలితే కొత్తది వేయాలి. ఫ్లోట్‌ను దించి, నీళ్లు లోపలి గొట్టం మూతికి అంగుళం కింద ఆగేట్టు చూసుకోవాలి. మా రోజుల్లో ప్లంబరు జనపనార, సఫేదా పట్టుకుని వచ్చి ఉన్నదాన్నే బాగు చేసేవాడు. ఇప్పుడు మూత తీసి చూడకుండానే "సెట్టు మొత్తం మార్చాలె సార్" అంటారు. వాషరు విడిగా దొరికే చోట సెట్టు మార్పించుకోకండి.

కమోడు అడుగున తడి ఉంటే సంగతి వేరు. చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, పాత పేపరు పరిచి ఫ్లష్ కొట్టండి. పేపరు ఎక్కడ మొదట తడిస్తే అక్కడ లోపం. కనెక్షన్ పైపు దగ్గరైతే చిన్న పని. ట్రాపు జాయింటు దగ్గరైతే పెద్ద పని. కింది పోర్షన్ కప్పు మీద పసుపు మరక దిగిందంటే స్లాబులోనే నీళ్లు నిలుస్తున్నాయని అర్థం. పైన తెల్ల సిమెంటు పూసి మరక మీద సున్నం వేస్తే అది ఆగదు.

ఇక్కడే ఓనరుకూ కిరాయిదారుకూ పంచాయితీ. "వాడేది మీరే గదా తమ్మీ, మీరే ఏయించుకోండ్రి" అంటాడు ఓనరు. "ఇల్లు మీది గదా సార్, ఇంకో రెండు నెలలైతే మేం ఖాళీ చేస్తం" అంటాడు కిరాయిదారు. ఇద్దరి మధ్యా నీళ్లు పోతూనే ఉంటాయి. దీనికి చట్టం ఎప్పుడో దారి చూపింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరును చెప్పినా సకాలంలో చేయించకపోతే కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో తగ్గించుకోవచ్చు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా వివరంగా చెప్పింది: ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే నల్లా వాషర్లు, కమోడు రిపేర్లు కిరాయిదారువి. నీళ్ల పైపులు మార్చడం, కట్టడానికి సంబంధించిన రిపేర్లు ఓనరువి. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తెచ్చుకుంటేనే అమలవుతుంది. కానీ న్యాయం అందులో స్పష్టంగా ఉంది: వాషరు మీరు వేయండి, స్లాబు ఆయన పగలగొట్టిస్తాడు.

మా కాలమంతా బంగారమని నేననను. ఆ పాయిఖానాలను తోటి మనుషులు చేతులతో ఎత్తిపోశారు. ఆ పాపాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం రావాల్సి వచ్చింది. ఆ కాలం తిరిగి రాకూడదు. అందుకే లీకు గురించి మరింత పట్టుబడుతున్నాను. మన ఊళ్లో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే గతి. రాత్రింబవళ్లు మంచినీళ్లు వచ్చి పడుతుంటే అందులో మలం అడుగుకు చేరేలోపే మోరీలోకి కొట్టుకుపోతుంది, ఇంకుడు గుంత పూడుతుంది. ట్యాంకు నిండి పొంగితే తొందరలో ఎవరినో లోపలికి దించే దుర్మార్గం ఇంకా కొన్నిచోట్ల జరుగుతూనే ఉంది. 2016లో మలవ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చి వరంగల్ దేశంలోనే మొదటి నగరమైంది, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం పెట్టుకుంది. ఆ మంచి పేరు మన బాత్రూముల దగ్గర నిలబెట్టుకోవాలి.

ఖాళీ చేసేనాడు గోడ మీది మేకు రంధ్రాలు లెక్కపెట్టి అడ్వాన్సులో కోసుకునే ఓనర్లకూ, ఇంట్లో దిగేనాడు పాలు పొంగించే కిరాయిదార్లకూ నేను కోరేది ఒకటే. తాళం చేతులు మారే రోజున కరెంటు మీటరు రీడింగు రాసుకున్నట్టే ఇద్దరూ కలిసి ట్యాంకులో నీలి వేసి చూడండి. ఏ రిపేరు ఎవరిదో ఒప్పందం కాగితం మీద ఒక వాక్యం రాసుకోండి. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు మళ్లీ చూడండి. ఆ కాసేపు ఓపిక పట్టలేనివాళ్లకు ఎండాకాలంలో నల్లా రాలేదని రోడ్డెక్కే హక్కు లేదు.