ఆరు శృతి నుంచి నాలుగున్నరకు: ఒక హార్మోనియం ఆత్మకథ

ఈ పెట్టె తన కథ చెప్పేటప్పుడు కూడా "నేను" అనదు. స్టేజీ మీద "నేను" అనే హక్కు కిరీటం పెట్టుకున్నవాళ్లది. పక్కవాద్యం పక్కనే ఉండాలి. అందుకే ఈ కథలో పెట్టె పెట్టెగానే ఉంటుంది, దాన్ని వాయించే మేష్ట్రు మేష్ట్రుగానే, కృష్ణుడి వేషం కట్టేవాడు కృష్ణుడుగానే ఉంటారు. అసలు పేర్లు అక్కర్లేదు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో హార్మోనియం వాయించేవాణ్ని జనం పేరు పెట్టి పిలిచిందెప్పుడని?

ఇది కాలి హార్మోనియం. మడత కాళ్లు, కింద తొక్కడానికి రెండు పలకలు, వెనక తోలు అతికిన తిత్తి, పైన మూడు స్థాయిలకు చాలే మెట్లు. కాళ్లు గాలి కొడుతుంటే రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి. మేష్ట్రుకు ఈ తొక్కుడు కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాలేదు. పుట్టింది ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో ఊరి పేరే మారుమోగిన కాలం అది. పగలంతా గుంత మగ్గంలో కాళ్లు ఆడించినవాడు రాత్రికి కుర్చీలో కూర్చుని పెట్టె తొక్కేవాడు. "రెండూ ఒకటే అప్పా, యాడన్నా పోగు తెగకుండా చూసుకోవాల" అనేవాడు.

హార్మోనియం జాతికి మర్యాద ఆలస్యంగా దక్కింది. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దగ్గరికి రానివ్వలేదు. గమకం పలకదని, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉండే స్వరం దీనికి చేతకాదని పెద్దల ఫిర్యాదు. అందులో అబద్ధం లేదు కూడా. కానీ జాతర రాత్రి పాడేవాడికి కావలసింది గమకం కాదు, ఆసరా. దారి తప్పితే పట్టుకోవడానికి ఒక గట్టు కావాలి. ఆ పని ఈ పెట్టె చేస్తుంది.

ఈ ప్రాంతానికి నాటకం అరువు సరుకు కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టారు. మరుసటి ఏడాది జనవరిలో "చిత్రనళీయం" ఆడించారు. ఆనాటికి ఆదోని బళ్లారి జిల్లాలోదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. బళ్లారి కన్నడం వైపు పోయినా నాటకం పిచ్చి మాత్రం ఇటే మిగిలింది. ఆచార్యులవారి మేనల్లుడే బళ్లారి రాఘవ. పద్యానికి రాగం సాగదీయడం కాదు, మాటా అభినయమూ ముఖ్యమన్నది ఆయన పట్టు. ఆ మాట విలువ ఈ పెట్టెకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎందుకంటే పెట్టె మొదట విన్న కృష్ణుడు ఆరు శృతిలో పాడేవాడు.

శృతి లెక్క తెలియనివాళ్లకు ఒక మాట. హార్మోనియం మీద తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు అని పోతాయి. నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర అని పోతాయి. మామూలు మగగొంతు ఒకటికో రెండుకో హాయిగా పాడుకుంటుంది. నాటకాలవాడు ఐదున్నర, ఆరు అంటాడు. అది గొప్పకు మొదలైన అలవాటు కాదు. మైకులు లేని రోజుల్లో దూరంగా బండ్ల మీద కూర్చున్నవాడికి పద్యం అందాలంటే గొంతు పైకి పోవాల్సిందే. మైకులు వచ్చాయి, బండ్లు పోయాయి, ఆరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆరులో పాడనివాడు కృష్ణుడేంటి అనే లెక్క జనంలో పాతుకుపోయింది.

ఆ కృష్ణుడు "కురుక్షేత్రం"లో రాయబారం సీను ఎత్తుకుంటే ఈ పెట్టె రీడ్లు వణికేవి. పద్యం చివర రాగం తీస్తూ పై స్థాయిలో నిలబడితే మేష్ట్రు చెయ్యి మెట్టు మీద అలాగే ఉండిపోయేది, కాళ్లు మాత్రం పరుగెత్తేవి. వన్స్ మోర్. మళ్లీ పద్యం. మళ్లీ వన్స్ మోర్. చదివింపులు మైకులో చదివి ముగించేసరికి కోడి కూసేది.

శృతి దిగిన రోజు పెట్టెకు బాగా గుర్తు. జాతర కాదు, రిహార్సలు. మగ్గాల వీధిలో ఒక వసారా. కృష్ణుడికి యాభై దాటి ఒకటో రెండో అయి ఉంటుంది. మొదటి పద్యం నాలుగో పాదంలో పై షడ్జం దగ్గర గొంతు జారింది. వెంట్రుకవాసి. వసారాలో ఎవరికీ పట్టలేదు. పెట్టెకు పట్టింది, మేష్ట్రుకు పట్టింది. ఆయన బొటనవేలు ఆరు మీంచి లేచి, పక్కనున్న నల్లమెట్టు మీద దిగింది.

"ఈ పొద్దు ఐదున్నరలో పోదాం లేప్పా. పెట్టెకు గాలి సరిగ అందడం ల్యా."

పెట్టెకు గాలి బాగానే అందుతోంది. అయినా నింద మోసింది. అప్పటినుంచి రెండేళ్లపాటు ఊరూరా "పెట్టెకు తిత్తి మార్చాల" అన్న మాట మోస్తూనే ఉంది. తర్వాత ఐదు. ఆ తర్వాత నాలుగున్నర. ఆ చివరి దిగుడు రోజున కృష్ణుడే నవ్వి అడిగాడు: "ఇదీ పెట్టెదేనా మేష్ట్రూ?" మేష్ట్రు మాట్లాడలేదు. పెట్టె తొక్కడం మొదలుపెట్టాడు.

గొంతుకూ రీడుకూ పెద్ద తేడా లేదు. రెండూ గాలికి ఆడే నాలుకలే. రీడు ఇత్తడి నాలుక. కొస గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. శృతి తప్పిన ప్రతిసారీ గీకాల్సిందే, గీకిన ప్రతిసారీ నాలుక పలచబడాల్సిందే. మనిషి గొంతులోనూ వయసుతో పాటు స్వరతంత్రుల కండరం సన్నబడుతుంది, అవి సరిగా మూసుకోక గాలి వృథా అవుతుంది. ఊపిరితిత్తుల బలమూ తగ్గుతుంది కాబట్టి ఒక్క ఊపిరిలో పాదమంతా లాగడం కష్టం. ఆదోనిలో ఇంకో బాధ కూడా ఉంది. పత్తి కాలంలో జిన్నింగు మిల్లుల దగ్గర స్టేజీ కడితే దూది పింజ ఎగిరొచ్చి రీడు సందులో దూరుతుంది. ఆ మెట్టు ఆ రాత్రికి మూగది. మేష్ట్రు ఆ స్వరాన్ని తప్పించుకుంటూ వాయిస్తాడు. వినేవాడికి తెలియదు. ముసలి పాటగాడు చేసేదీ అదే. ఏ స్వరం పలకదో వాడికి తెలుసు. అక్కడికి పోకుండా చుట్టూ తిరిగి ఇల్లు చేరతాడు.

మేష్ట్రు మనవడు ఫోనులో పాశ్చాత్యుల పాటలు చూస్తుంటాడు. పెట్టె పక్కనే కూర్చుంటాడు కాబట్టి ఆ సంగతులూ చెవిన పడ్డాయి. రోలింగ్ స్టోన్స్ అని లండన్ జట్టు, 1962లో మొదలైంది. ముందు నిలబడి పాడే మిక్ జాగర్, గిటారు వాయించే కీత్ రిచర్డ్స్ ఇద్దరూ 1943లో పుట్టినవాళ్లే. డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ 2021లో ఎనభయ్యో ఏట పోయాడు. అయినా మిగిలినవాళ్లు 2023లో కొత్త పాటలతో ఆల్బం తెచ్చారు, 2024లో అమెరికా అంతా తిరిగారు. ఎల్టన్ జాన్‌కు 1987లో గొంతుకు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత గొంతు కిందికి దిగింది. దిగిన గొంతుతోనే 2023 దాకా ఊరూరా పాడాడు. ఏరోస్మిత్ కథ వేరు. పాటగాడు స్టీవెన్ టైలర్ గొంతు దెబ్బతిని తిరిగి కోలుకోక, 2024లో ఇక పర్యటనలు చేయమని ప్రకటించేశారు.

మనవాళ్లలోనూ రెండు దారులున్నాయి. ఎస్. జానకి 2017 అక్టోబరులో మైసూరులో పాడి, ఇదే చివరిదని చెప్పి ఆపేశారు. అప్పటికి ఆమెకు 79. అదే ఏడాది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం డెబ్బయ్యో ఏట అమెరికాలో ఊరూరా కచేరీలు చేశారు. ఇద్దరిలో ఎవరు సరి అంటే, ఇద్దరూ సరే. ఎవరి గొంతు సంగతి వాళ్లకు తెలుసు.

రాక్ జట్లకు లేనిది, పద్యనాటకానికి ఉన్నది ఒకటుంది: ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రంలోనే వేస్తారు. ఒక సీను అయ్యాక పరదా దిగుతుంది, లేచేసరికి కృష్ణుడి ఎత్తూ లావూ మారిపోతాయి. ఎవరూ నొచ్చుకోరు. రాత్రంతా ఒక్క గొంతు మీద నడిపితే కుర్రవాడి గొంతైనా పోతుంది, ఆ భారం పంచుకునే ఉపాయం ఇది. ముసలివాళ్లకు అదే వరమైంది. ఇంగ్లండు జట్టు జెనెసిస్ ఈ ఉపాయానికి దగ్గరగా వచ్చింది. 2022 మార్చిలో లండన్‌లో చివరి కచేరీ చేసినప్పుడు ఫిల్ కాలిన్స్‌కు డ్రమ్ములు వాయించే ఓపిక లేదు. కుర్చీలో కూర్చుని పాడాడు, డ్రమ్ముల దగ్గర కొడుకు కూర్చున్నాడు.

పెట్టె చూసిన ఓటమి కూడా చెప్పాలి. ఇంకో నాటక సమాజంలో ఒక హరిశ్చంద్రుడు ఉండేవాడు. అరవై దాటినా ఆరు వదలనన్నాడు. మేష్ట్రు ఐదున్నర పట్టుకుంటే కాటి సీను మధ్యలో జనం ముందే కసిరాడు. ఆరులో ఎత్తుకున్న పద్యం రెండో పాదంలో గొంతు పగిలింది. జనం ఈలలు వేయలేదు. అంతకంటే ఘోరంగా జాలిపడ్డారు. ఇప్పుడు చాలా సమాజాల్లో కీబోర్డు వచ్చింది. దానికి ఒక బటన్ ఉంది. నొక్కితే శృతి దిగిపోతుంది, వేళ్లు మాత్రం పాత మెట్ల మీదే ఆడతాయి. ముందు వరసలో కూర్చున్న హార్మోనిస్టు కూడా పోల్చుకోలేడు. కొందరు కృష్ణులకు తాము ఎంత శృతిలో పాడుతున్నదీ తెలియదట. ఈ పెట్టెకు ఆ విద్య రాదు. దీని మీద దిగితే దిగినట్టు కనబడుతుంది.

మరి వయసు మళ్లినవాళ్లు బాగా ఆడగలరా? మొన్నటి పుష్యమాసంలో జరిగింది చెప్తే చాలు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులు. దగ్గరి పల్లెలో నాటకం. అర్జునుడు, రెండో కృష్ణుడు వేయాల్సిన కుర్రవాళ్లు ఇంటిల్లిపాదితో గుంటూరు వైపు మిరపకాయలు తెంపను పోయారు. ఈ పడమటి మండలాల్లో వానలు దక్కని ఏడాది ఊళ్లకు ఊళ్లే పోతాయి. మిగిలింది ముసలివాళ్లే. ఆరు శృతి కృష్ణుడు ఇప్పుడు నాలుగున్నరలో పడక సీనుకు ఒప్పుకున్నాడు. "సగంసేపు పండుకునేదే కదా, మోకాళ్లకు సుఖం" అన్నాడు గ్రీన్‌రూమ్‌లో, ముఖానికి నీలం రంగు పూయించుకుంటూ.

పద్యం ఎత్తుకున్నాడు. రాగం పొడుగు తీయలేదు. పాదం ముగిసిన చోట ఆగి, దుర్యోధనుడి వంక చూసి, చిన్నగా నవ్వి, తర్వాతి పాదం మాటలా అన్నాడు. ప్రతి అక్షరం చివరి వరసకు వినబడింది. ఆరులో పాడిన రోజుల్లో ఆ పద్యానికి అర్థం ఉందని ఈ పెట్టెకే తెలియదు. రాగం హోరులో కొట్టుకుపోయేది. అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడ వన్స్ మోర్ అనలేదు. "ఏం చెప్తివి సామీ!" అంది. అంతే.

మేష్ట్రుకు ఇప్పుడు కాళ్ల నొప్పులు. పెట్టెకు నిజంగానే తిత్తి చీలింది, ఈసారి ఎవరి తప్పూ మోయడం లేదు. చెన్నపట్నం నుంచి తోలు తెప్పించాలని మనవడు అంటున్నాడు. వచ్చే జాతరకు ఆ పల్లెవాళ్లు అప్పుడే తాంబూలం ఇచ్చి పోయారు. పడక సీనుకు ఆ కృష్ణుడే కావాలన్నారు, శృతి నాలుగున్నర.