శకటారూఢ సంస్కృతి

సంస్కృతి నశించిపోవుచున్నదనియు, దానిని రక్షింపవలెనన్నచో ఏడాదికొకసారి బండి నెక్కించి ప్రధానవీథులలో త్రిప్పవలసినదే గాని మార్గాంతరము లేదనియు మన ప్రభుత్వములును, వాటి యడుగుజాడలలో నడచు ఉత్సవసంఘములును ఏకగ్రీవముగా నిశ్చయించి చాలకాలమైనది. గణతంత్రదినోత్సవమునాడు ఢిల్లీలో 2021లో మన లేపాక్షి బసవన్న కదలెను. 2023లో కోనసీమ ప్రభలు కదలెను. 2025లో ఏటికొప్పాక బొమ్మలు కదలి మూడవ బహుమానమును సైతము గొనితెచ్చెను. ఏకశిలానందిని చక్రములపై నడిపించుట విజయనగరకాలపు శిల్పులకు చేతకాలేదు గాని, అట్టకును రంగునకును చేతనయ్యెను గదా! కనుమనాడు జగ్గన్నతోటకు తరలు ప్రభలు కాలువలో దిగి, వరిచేలను త్రొక్కుచు పోవును. త్రొక్కించుకొన్న రైతు తన భాగ్యమని చేతులు జోడించును. ఢిల్లీలో త్రొక్కుటకు చేను దొరకదు గనుక రైతునకు బదులు వ్యాఖ్యాతను నియమించిరి.

మంత్రాలయము వాడనగు నేను ఒక జనవరిలో కాగితముల పనిమీద బెజవాడకు పోయి, పని తెమలక, ఊరు చూతమని బయలుదేరి, ఒక సందు మలుపున నిట్టి శోభాయాత్రకు చిక్కితిని. ముందు ధింసా, వెనుక గరగలు, ఆ వెనుక తప్పెటగుళ్ళు. అరకు కొండలకును గోదావరి లంకలకును నడుమ దూరము పదిగజములు. పెద్దలు కూర్చున్న వేదిక యెదుటికి రాగానే ఆడవలెను, దాటగానే ఆగవలెను. ఆ కాసింత నేలయందే మన వేయేండ్ల వైభవమంతయు నిమిడిపోయెను. మైకునందలి కంఠము మాత్ర మెచ్చటను ఆగలేదు.

తుదకు నల్లని కంబళియు, ఎలుగుబంటి రోమముల టోపీయు, చేత ఢమరుకమును గల గొరవయ్య కనబడెను. మా పడమటి కర్నూలు సీమ గొరవయ్య! పరదేశమున మేనమామ కనబడినట్లు ప్రాణము లేచివచ్చి, అడ్డముగా కట్టిన కొయ్యల మీదుగా వంగి పలుకరించితిని.

“ఏమప్పా, ఏ వూరు మీది?”

“ఇక్కడేనండి, సింగ్‌నగర్. డిగ్రీ చదువుతున్నా.”

“ఈ యేసమేందో తెల్సునా?”

“నిన్న పులండి, ఇవాళ ఇదిచ్చారు. ముందు బోర్డు పట్టుకెళ్తున్నాడు చూడండి, దానిమీద రాసుంటది.”

బోర్డు పట్టుకొన్నవాడు అప్పటికే మలుపు తిరిగిపోయెను. ఆ కుర్రవానిని నేను నిందింపను. చేసిన పనికి కూలి పుచ్చుకొనుచున్నాడు. ఢమరుకమునకు తలక్రిందులు లేకపోవుట అతని యదృష్టము.

నన్ను అబ్బురపరచినది ఏర్పాటు చేసినవారి వివేకము. నిజమైన గొరవయ్యను పిలిచినచో అతడు నోరు తెరచును. కన్నడసీమయందలి మైలారమున గొరవయ్య విల్లెక్కి ఏటేట పలుకు కార్ణికమను భవిష్యవాక్కు ఒక్క వాక్యమే. అది వానను గూర్చియా, ధరలను గూర్చియా, దొరలను గూర్చియా యని రైతులు ఏడాది పొడుగున తర్కించుకొందురు. దసరా రాత్రి దేవరగట్టున మాళమల్లేశ్వరుని యెదుట కర్రల సమరము ముగిసిన పిదప పూజారి చెప్పు భవిష్యవాణిలో పత్తి ధరయు, జొన్న ధరయు వినవచ్చును. పత్తి ధర! పెద్దల సమక్షమున, మైకునకు దగ్గరగా! కావుననే కంబళిని గ్రహించిరి, టోపీని గ్రహించిరి, నోటిని విసర్జించిరి. హంస పాలను మాత్రమే గ్రహించునందురు. మన నిర్వాహకులు నీళ్ళను మాత్రమే గ్రహింపనేర్చిరి.

ఇంతకు నిజమైనవా రెక్కడనుండిరి? దూరముననేమియు లేరు. తుంగభద్ర పక్కననే పారుచున్నను ఆ నీరు ఎక్కని మెట్టచేలు మావి. వానను నమ్మిన పంట వానతోనే తీరిపోవును. ఆపైన మంత్రాలయము, కోసిగి, కౌతాళము పల్లెలలో ఇంటికి తాళము వేసి, బడియీడు పిల్లలను వెంటబెట్టుకొని జనము సుగ్గికి, అనగా పొరుగుసీమల కూలికి, పోవును. గుంటూరు మిరపచేల గట్లపై గుడారములు వెలయును. కోలాటము నేర్పువా డచ్చట, చెక్కభజన దళ మచ్చట. ఢమరుకము మాత్రము ఊరిలో చూరున వ్రేలాడుచుండును. గుంటూరునుండి బెజవాడకు బస్సులో గంట ప్రయాణము. సంస్కృతి గలవారు అక్కడ మిరపకాయలు కోయుచుండగా, ఇక్కడ వారి కంబళి ఊరేగెను.

ఇదియైనను లేకున్న పట్టణపు పిల్లలకేమి తెలియునని యడుగువారు కలరు. నా ప్రక్కనున్న పిల్లవాడు గొరవయ్యను చూచి ఎలుగుబంటి యనుకొని చప్పట్లు చరచెను, అంతమాత్రము తెలిసినది.

ఊరేగింపులపై నాకు వైరము లేదు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావనప్రవేశము చేసిన యూరు మాది. శ్రావణ బహుళ తదియనాడు ఉత్తరారాధనకు మహారథము కదలునప్పుడు చూడవచ్చినవాడును మ్రొక్కవచ్చినవాడును ఒక్కడే. (నేడు దాని ముందును కళాబృందములను నడిపించు ముచ్చట పుట్టినది, అది వేరు మాట.)

ఏలినవారికి వచ్చే జనవరికొక శకటమును ప్రతిపాదించుచున్నాను: సుగ్గికి పోవు లారీ. మూటలు, బిందెలు, రెండు మేకలు, చంకబిడ్డలు, వారి నడుమ ఒక నిజమైన గొరవయ్య. అట్టయు రంగును అక్కరలేదు. ఏటేట సిద్ధముగనే యుండును, కిరాయి సైతము కూలీలే భరింతురు. వందనము స్వీకరించుటకు మాత్రము పెద్దలు తెల్లవారుజామున కోసిగి రోడ్డుకు రావలసియుండును. లారీ వేదికకొరకు ఆగదు.