పద్నాలుగు మేకుల డిక్రీ

తార్నాకలో ఏడాదికి పదకొండు నెలలే. పన్నెండో నెల వస్తే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలని ఓనర్లు దాన్ని క్యాలెండర్‌లోంచి చింపేశారు. ఏడాదికి మించని లీజును రిజిస్టర్ చేయనక్కర్లేదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అన్న మాట నిజమే. 1999లో ఉమ్మడి రాష్ట్రం దాన్ని సవరించి, ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ కావాల్సిందేనంది. ఆ కబురు పాతికేళ్లయినా నోటరీ గుమ్మం దాటలేదు.

మా పై పోర్షన్‌లోని ఉస్మానియా రీసెర్చ్ స్కాలర్ అలాంటి కాగితాల మీద ఎనిమిదిసార్లు సంతకం పెట్టాడు. అగ్రిమెంటుకు గడువుంది, పీహెచ్‌డీకి లేదు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటే భూస్వామ్యాన్ని గంటసేపు ఉతికి ఆరేయగలడు. ఓనర్ అంకుల్‌ను మోటార్ వేయమనడానికి మాత్రం మూడుసార్లు గొంతు సవరించుకుంటాడు.

అమెరికా నుంచి కూతురు వస్తోందని అంకుల్ ఖాళీ చేయమన్నారు. "చేస్తా అంకుల్, అడ్వాన్సు పద్దెనిమిది వేలు ఇచ్చేయండి" అన్నాడు స్కాలర్. అంకుల్ పైకెళ్లి, గోడలు తడిమి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ దిగారు: పద్నాలుగు మేకులు! పెయింటింగుకు నెల అద్దె కట్ అన్నారు. ఎనిమిదిసార్లు అగ్రిమెంటు మార్చారుగానీ గోడలకు ఒక్కసారన్నా రంగు మార్చారా అని ఇతను. కూరగాయల సంచీతో మెట్లెక్కుతున్న ఆంటీ మధ్యలో ఆగి, "మేకులకు పదిహేను వందలు పట్టుకొని మిగిలింది ఇచ్చెయ్యండి. నెలాఖరుకు పోతడు పిలగాడు" అంది. ఆవిడ దగ్గర కోర్టు ముద్ర లేదు. ఎవరూ వినలేదు.

స్కాలర్ లైబ్రరీకి పరిగెత్తి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తిరగేశాడు. 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో అద్దె 3,500 దాటిన ఇల్లు దాని చేతిలోంచి జారిపోయింది. తార్నాకలో ఆ డబ్బుకు స్కూటర్ నీడన పెట్టుకునే చోటు దొరికితే అదృష్టం. అద్దె పెరుగుతుంటే లేచి దారిచ్చే చట్టం ఇది. ఇంత మర్యాద మనుషుల్లో కూడా చూడలేదు.

అంకుల్ వకీలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద 15 రోజుల నోటీసిచ్చాడు. స్కాలర్ ఫుట్‌నోట్లతో సహా జవాబు రాశాడు. దావా పడింది. వకీలు ఫీజు, ఆటో, వాయిదా, మళ్లీ ఆటో. మేకొక్కటికి వెయ్యి దాటింది. నేనూ కిరాయిదారునే కాబట్టి నా గోడకు ఎన్ని మేకులున్నాయో ఇక్కడ రాయను.

చివరికి జడ్జిగారు ఇద్దరినీ లోక్ అదాలత్‌కు పంపారు. "బాబూ, ఎప్పుడు ఖాళీ చేస్తావు? మీరు ఎంత తిరిగిస్తారు?" అని బెంచి అడిగింది. ఇరవై నిమిషాల్లో తేలింది: మేకులకు పదిహేను వందలు పోను 16,500 వాపసు, నెలాఖరుకు ఖాళీ. ఇద్దరూ సంతకాలు పెట్టారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆ కాగితం సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మాట తప్పితే మళ్లీ దావా అక్కర్లేదు, నేరుగా అమలుకు పోవచ్చు. కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. రాజీపడినవాళ్లకు వకీలు ఫీజు తిరిగిప్పించే చట్టం మాత్రం ఇంకా పుట్టలేదు.

అప్పీలూ లేదు. మెట్ల మీద ఆంటీ చెప్పినప్పుడు ఇదే మాట మీద ఇద్దరూ అప్పీలుకెళ్లారు!

స్కాలర్ వెళ్లిపోయాడు. అమెరికా కూతురు వచ్చి, లిఫ్టు లేదని కొండాపూర్‌లో దిగింది. నిన్న పై వరండా గోడకు టూలెట్ బోర్డు వేలాడింది. దానికోసం అంకుల్ కొత్త మేకేమీ కొట్టలేదు.